మనసు చదివే విద్య - తెర వెనుక లెక్కలు

గాల్లోంచి విబూది తీసే బాబాని చూస్తే మనలో చాలామందికి వెంటనే అనుమానం వస్తుంది. నిప్పుల మీద నడిచేవాడి గురించి అడిగితే వివరణ నాలిక మీదే ఉంటుంది. కానీ స్టేజీ మీద ఒకాయన మన ఎదురుగా నిలబడి, మనం లోపల తలుచుకున్న పేరు ఠక్కున చెప్పేస్తే మాత్రం హేతువాదులం కూడా కాసేపు నోరు తెరుస్తాం. వస్తువు మాయమైతే చేతివాటం అనుకోవచ్చు. మనసులో మాట బయటపడితే చేతివాటం ఎక్కడుందో తోచదు. ఈ విద్యనే మెంటలిజం అంటున్నారు. దీనికి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది, అందులో బయటపడిన గుట్లు కూడా చాలానే ఉన్నాయి.

ముందే ఒక మాట. టిక్కెట్టు పెట్టి వినోదం చూపించే మెంటలిస్టు మీద నాకు కోపం లేదు. అతను చేసేది నటన, మనం కొనుక్కున్నది ఆ నటననే. నా పేచీ అంతా అదే పనిని "శక్తి" అని చెప్పుకునేవాళ్ళతో.

1870లలో అమెరికాలో జె. రాండల్ బ్రౌన్ అనే యువకుడు ఊరూరా ఒక ప్రదర్శన ఇచ్చేవాడు. హాల్లో ఎవరైనా ఒక వస్తువు దాచిపెట్టాలి. బ్రౌన్ కళ్ళకి గంతలు కట్టుకుని, దాచినవాడి చెయ్యి పట్టుకుని, అతన్ని లాక్కుంటూ తిన్నగా ఆ వస్తువు దగ్గరికి వెళ్ళిపోయేవాడు. చూసినవాళ్ళు ఆలోచన ఒక బుర్రలోంచి ఇంకో బుర్రలోకి ప్రవహిస్తోందన్నారు. న్యూయార్కులో నరాల వైద్యుడు జార్జి బియర్డ్ మాత్రం ఊరుకోకుండా పరీక్షలు చేసి, 1877లో పాపులర్ సైన్స్ మంత్లీలో వ్యాసం రాశాడు. బ్రౌన్ చదువుతున్నది మనసుని కాదు, కండరాల్ని అని తేల్చాడు. వస్తువు ఎక్కడుందో తెలిసిన మనిషి, అటువైపు నడుస్తుంటే తెలియకుండానే చెయ్యి సడలిస్తాడు. తప్పుదారి పడితే తెలియకుండానే బిగిస్తాడు. పట్టుకున్నవాడికి ఆ మాత్రం చాలు.

తెలియకుండానే అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఈ విద్యకి పునాది అదే గనక. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రేల్ 1833లోనే, దారానికి కట్టిన గుండు మన చేతిలో "దానంతట అదే" ఊగడానికి కారణం మన చెయ్యేనని చూపించాడు. కళ్ళు మూసుకుంటే ఊగడం ఆగిపోయింది. 1852లో ఇంగ్లండులో విలియం కార్పెంటర్ దీనికి ఐడియోమోటార్ చర్య అని పేరు పెట్టాడు. ఆ మరుసటి ఏడే మైకేల్ ఫారడే, దయ్యాలు బల్లని తిప్పుతున్నాయన్న వాదాన్ని పరీక్షకు పెట్టాడు. బల్లకీ చేతులకీ మధ్య జారే పలకలు పెట్టి, వాటికొక సూచిక తగిలించాడు. ముందు కదిలింది చేతులు, తర్వాతే బల్ల. ఇంకా సొగసైన విషయం ఏమిటంటే, సూచిక కూర్చున్నవాళ్ళకి కనబడేటట్టు పెట్టగానే బల్ల కదలడం మానేసింది. వాళ్ళలో ఎవరూ మోసగాళ్ళు కారు. తామే తోస్తున్నామని వాళ్ళకి తెలియదు, అంతే.

బ్రౌన్ దారిలోనే వచ్చి అతనికంటే పెద్ద పేరు తెచ్చుకున్నవాడు వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్. ఇతను మొదట అన్నా ఎవా ఫే అనే మీడియం దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1876లో ఆవిడ గుట్టు పత్రికకెక్కించినవాడు. 1881లో లండన్ వచ్చినప్పుడు రొమేన్స్, గాల్టన్ వంటి శాస్త్రవేత్తలు పరీక్షించి, బియర్డ్ చెప్పినదే చెప్పారు. ఇతన్ని నడిపించేది ఎదుటివాడి కండరాల సూచనే అన్నారు. బిషప్‌కి ఆ తీర్పుతో వచ్చిన నష్టమేమీ లేదు, హాళ్ళు నిండుతూనే ఉన్నాయి. 1883లో హెన్రీ లాబుషేర్ అనే పార్లమెంటు సభ్యుడు, ట్రూత్ పత్రిక యజమాని, ఒక పందెం కాశాడు. ఒక బ్యాంకు నోటు నంబరు బిషప్ చెప్పాలి. చెబితే వెయ్యి పౌండ్లు. ఇక్కడ తగువు వచ్చింది. ఎవరి చెయ్యి పట్టుకుని చెప్పాలి? లాబుషేర్ తన తరఫు మనిషి చెయ్యే పట్టుకోవాలన్నాడు, బిషప్ ఒప్పుకోలేదు. పందెం తేలనే లేదు. నా ఉద్యోగమంతా ఆడిటులో గడిచింది కాబట్టి ఈ తగువు నాకు బాగా అర్థమవుతుంది. ఏ వోచర్లు చూడాలో ఆడిటరు ఎంచుకోవాలి గానీ క్యాషియరు ఎంచి ఇవ్వకూడదు. ఆ ఒక్కటీ వదులుకుంటే మిగతా తనిఖీ ఎంత కట్టుదిట్టంగా చేసినా దండగే.

బిషప్ కథ విషాదంగా ముగిసింది. 1889 మే నెలలో న్యూయార్కులో లాంబ్స్ క్లబ్బులో ప్రదర్శన ఇస్తూ పడిపోయాడు. మర్నాడు చనిపోయాడని డాక్టర్లు నిర్ధారించి, గంటల వ్యవధిలోనే శవపరీక్ష చేసేశారు. తన కొడుక్కి ఒళ్ళు కొయ్యబారిపోయే మూర్ఛ వస్తుండేదనీ, బతికుండగానే కోసి చంపేశారనీ తల్లి ఆరోపించింది. డాక్టర్లకి శిక్ష పడలేదు. మనసు చదివేవాడి మెదడులో ఏముందో చూడాలన్న ఆత్రుత ఆ తొందరకి కారణమని అప్పట్లో అనుకున్నారు. కండరాలు చదువుతున్నాడని శాస్త్రవేత్తలు రాసి ఎనిమిదేళ్ళయినా సరే, మెదడులో ఏదో ప్రత్యేకం ఉంటుందన్న ఆశ పోలేదన్నమాట.

చెయ్యి పట్టుకోకుండా చదవడం ఎలాగో ఒక గుర్రం చూపించింది. బెర్లిన్‌లో ఫాన్ ఆస్టెన్ అనే రిటైరయిన లెక్కల మాస్టారు హాన్స్ అనే గుర్రానికి కూడికలు, తీసివేతలు నేర్పానన్నాడు. ప్రశ్న అడిగితే గుర్రం జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేల తట్టేది. ఆయన పైసా తీసుకునేవాడు కాదు. 1904లో ఒక సంఘం పరిశీలించి, మోసం కనబడలేదని చెప్పింది. ఆ తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ ఒక చిన్న పని చేశాడు, జవాబు తెలియనివాడి చేత ప్రశ్న అడిగించాడు. గుర్రం లెక్క తప్పింది. అడిగినవాడు గిట్టకేసి చూడటానికి కొంచెం వంగుతాడు, సరైన అంకె రాగానే కనీ కనబడకుండా తల ఎత్తుతాడు. గుర్రం ఆ తలని చూస్తోంది. తర్వాత ఫుంగ్‌స్ట్ ప్రయోగశాలలో తానే గుర్రం పాత్ర వేసి, మనుషులు తలుచుకున్న అంకెల్ని వేలితో తట్టి చెప్పేవాడు. చాలామంది విషయంలో అది పనిచేసింది. ఇదంతా ఆయన 1907లో పుస్తకంగా వేశాడు. ఫాన్ ఆస్టెన్ మాత్రం నమ్మలేదు, 1909లో చనిపోయేదాకా గుర్రానికి లెక్కలు వచ్చనే అన్నాడు.

మన సంక్రాంతి గంగిరెద్దుని చూసి పెరిగినవాళ్ళకి ఇందులో వింత కనబడదు. "అయ్యగారికి దండం పెట్టు బసవన్నా" అంటే అది తలూపుతుంది. సైగ ఇస్తున్నది ఆడించేవాడేనని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా పాత బట్టలూ బియ్యమూ ఇస్తాం, అతని శిక్షణకి మెచ్చి. అలాగే మన అవధాన విద్యల్లో నేత్రావధానం అని ఒకటుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. సభలో ఎవరో రాసిచ్చిన మాటల్ని ఒకరు పెదవి మెదపకుండా కనుసైగలతో అందిస్తే, రెండోవారు చదివి చెబుతారు. ఇది అక్షరానికో సైగ నేర్చుకుని చేసే సాధన అని వాళ్ళే చెబుతారు.

సరిగ్గా ఇదే పనిని పాశ్చాత్య రంగస్థలం మీద "రెండో చూపు" అన్న పేరుతో రహస్యంగా చేసేవారు. 1846లో పారిస్‌లో రాబర్ట్ ఊడిన్ తన కొడుకుని గంతలు కట్టి కూర్చోబెట్టి, జనం ఇచ్చిన వస్తువులేమిటో వాడి చేత చెప్పించాడు. 1906లో లండన్ అల్‌హంబ్రా థియేటర్‌లో జూలియస్, ఆగ్నెస్ జాన్సిగ్ దంపతులు దీన్ని పరాకాష్ఠకి తీసుకెళ్ళారు. ప్రశ్నలోనే జవాబు దాగి ఉంటుంది. "ఇదేమిటి?" అంటే గడియారం, "ఇదేమిటో చెప్పు?" అంటే ఉంగరం, "ఊఁ, త్వరగా" అంటే ఏడు - ఇది నేనిప్పుడు అల్లిన ఉదాహరణ, పద్ధతి మాత్రం అదే. ఇలాంటివి వందలకొద్దీ కంఠస్థం చెయ్యాలి. డిఫెన్స్ అకౌంట్స్‌లో ప్రతి ఖర్చుకీ ఒక కోడ్ హెడ్ ఉంటుంది. పాతిక ముప్పై ఏళ్ళు చేశాక ఏ బిల్లు చూసినా నంబరు దానంతట అదే స్ఫురిస్తుంది. అలాంటి స్ఫురణే ఇది, దీనికి టెలిపతీ అక్కర్లేదు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ మాత్రం ఆ దంపతులవి నిజమైన శక్తులనే నమ్మాడు.

కవరు తెరవకుండా అందులో ప్రశ్న చెప్పడం ఇంకో రకం. జనం చీటీల మీద ప్రశ్నలు రాసి కవర్లు అంటించి ఇస్తారు. మెంటలిస్టు ఒక కవరు నుదుటికి ఆనించుకుని "ఎవరో కూతురి పెళ్ళి గురించి అడుగుతున్నారు" అంటాడు. "అవును, నేనే" అని ఒకాయన లేస్తాడు. సరిచూసుకోవడానికన్నట్టు కవరు చింపి చదివి, తలూపి, పక్కన పెడతాడు. తర్వాత కవరు, ఆ తర్వాత కవరు, అన్నీ సరిగ్గానే వస్తాయి. కిటుకు ఇది. మొదట లేచినవాడు మెంటలిస్టు మనిషి. చింపిన కవరులో ఉన్నది పెళ్ళి ప్రశ్న కాదు, వేరెవరిదో ఉద్యోగం ప్రశ్న. దాన్ని చదువుకుని, రెండో కవరు నుదుటికి పెట్టినప్పుడు ఆ ఉద్యోగం సంగతి చెబుతాడు. అలా ఎప్పుడూ ఒకటి ముందుంటాడు.

బీకాంలో ఆడిటింగ్ చదివినవాళ్ళకి ఇది పాత చుట్టమే. టీమింగ్ అండ్ లేడింగ్ అని పాఠం ఉండేది. క్యాషియరు మొదటి ఖాతాదారుడు కట్టిన డబ్బు జేబులో వేసుకుంటాడు. రెండోవాడు కట్టినప్పుడు ఆ డబ్బు మొదటివాడి ఖాతాలో చూపిస్తాడు. మూడోవాడిది రెండోవాడికి. ఏ ఒక్క ఖాతా విడిగా చూసినా లెక్క సరిగ్గానే ఉంటుంది. తేడా ఉన్నది వరసలో. పట్టుకోవాలంటే ఖాతాలు చూసి లాభం లేదు, ఏ తేదీన ఏ రసీదు వచ్చిందో వరస తప్పకుండా చూడాలి. చీటీల మీడియంలు ఈ పద్ధతి మీదే దశాబ్దాలు బతికారు. అమెరికాలో డేవిడ్ అబ్బాట్ అనే ఔత్సాహిక ఇంద్రజాలికుడు 1907లో మీడియంల తెరవెనుక పనుల మీద రాసిన పుస్తకంలో ఇలాంటివన్నీ విప్పి చెప్పాడు.

ఇక ఏ చీటీ లేకుండా మనిషి ముఖం చూసి చెప్పేవి. ఇది మనకి సోదె చెప్పే ఎరుకలసాని దగ్గర్నుంచీ తెలిసిందే. "మనసులో ఒక దిగులుంది తల్లీ, నీవాళ్ళనుకున్నవాళ్ళే నిన్ను అర్థం చేసుకోలేదు" అంటే కాదనే ఇల్లాలు ఎక్కడుంటుంది? 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ దీన్ని తరగతి గదిలో కొలిచాడు. 39 మంది విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ "మీ వ్యక్తిత్వ విశ్లేషణ" అని కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. నా అభిప్రాయంలో ఆ ఎరుకలసాని మీద మనం ఖర్చుపెట్టే ఆవేశం కాస్త ఎక్కువే. ఆవిడకి దక్కేది నాలుగు గింజలు. అవే వాక్యాలకి ఏసీ గదిలో వేలు తీసుకునేవారున్నారు.

చూసినవాడి జ్ఞాపకం కూడా మెంటలిస్టు పక్షానే పనిచేస్తుంది. ఎస్.జె. డేవీ అనే అతను మీడియంలాగా నటించి, పలకల మీద ఆత్మల రాతలు రప్పించి, చూసినవాళ్ళ చేత వివరంగా రిపోర్టులు రాయించుకున్నాడు. 1887లో అతనూ రిచర్డ్ హాడ్జ్‌సన్ కలిసి వాటిని ప్రచురించారు. (అంతకు రెండేళ్ళ ముందు అడయారులో మేడమ్ బ్లావట్‌స్కీ మహిమల్ని విచారించి మోసమని తేల్చిన హాడ్జ్‌సన్ ఇతనే.) చదువుకున్నవాళ్ళు, నిజాయితీపరులు రాసిన రిపోర్టుల్లో, కిటుకు జరిగిన ఆ ఒక్క క్షణమే లోపించింది. పలక చేతులు మారిన సంగతి రాయలేదు, లేదా వరస తిప్పి రాశారు. అందుకే "నేను నా కళ్ళారా చూశాను" అన్న సాక్ష్యానికి నేను పెద్ద విలువివ్వను. చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని కాదు, చూసిన పద్దులు జ్ఞాపకంలో రాసుకునేటప్పుడే కొన్ని జారిపోతాయి.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది బ్రైటన్ కుర్రాళ్ళ కథ. 1882లో లండన్‌లో అతీంద్రియ విషయాల పరిశోధనకి ఒక సొసైటీ పెట్టారు. ఎడ్మండ్ గర్నీ, ఫ్రెడరిక్ మైయర్స్ వంటి కేంబ్రిడ్జి పండితులు అందులో ముఖ్యులు. ఆ ఏడే బ్రైటన్ నుంచి డగ్లస్ బ్లాక్‌బర్న్ అనే పాతికేళ్ళ పత్రికా రచయిత, తన మిత్రుడు జార్జి ఆల్బర్ట్ స్మిత్ ఆలోచనలు అందుకోగలడని ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. స్మిత్‌కి 18 ఏళ్ళు. పండితులు బ్రైటన్ వెళ్ళి చూశారు, తర్వాత వాళ్ళని లండన్ రప్పించి మళ్ళీ చూశారు. బ్లాక్‌బర్న్‌కి చూపించిన బొమ్మని, కళ్ళకి గంతలున్న స్మిత్ గీసి చూపించాడు. సొసైటీ వాటిని తన ప్రచురణల్లో టెలిపతీకి గట్టి సాక్ష్యంగా అచ్చువేసింది. స్మిత్ గర్నీకి సెక్రటరీగా కూడా చేరాడు.

పాతికేళ్ళు గడిచాయి. బ్లాక్‌బర్న్ దక్షిణాఫ్రికా వెళ్ళి నవలలు రాశాడు. 1908లో ఒకసారి, 1911లో డైలీ న్యూస్‌లో మరోసారి, అదంతా బూటకమని బయటపెట్టాడు. ఒక ప్రయోగంలో స్మిత్ చెవులకి అడ్డాలు పెట్టి, కళ్ళు కట్టి, తల మీంచి దుప్పట్లు కప్పి కూర్చోబెట్టారట. ఇక సైగకి దారి లేదు. బ్లాక్‌బర్న్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ, తనకి చూపించిన బొమ్మని సిగరెట్ కాగితం మీద రహస్యంగా గీసి, పెన్సిలుకున్న ఇత్తడి తొడుగులో దూర్చాడు. తివాచీ అంచు తన్నుకుని స్మిత్ కుర్చీ దగ్గర తూలిపడ్డాడు, అదే సిద్ధమైందన్న సంకేతం. దుప్పటి కింద నుంచి స్మిత్ చెయ్యి బయటికొచ్చి "నా పెన్సిలేది?" అని బల్ల మీద తడిమింది. బ్లాక్‌బర్న్ తన పెన్సిలు అక్కడ పెట్టాడు. స్మిత్ కోటు లోపల, చీకట్లో మెరిసే రంగు పూసిన పలక ఒకటి ఉంది. ఆ వెలుగులో కాగితం చూసి బొమ్మ దించేశాడు. పండితులు ఆశ్చర్యపోయారు.

ఎందుకు చేశారు? తమ సిద్ధాంతానికి సాక్ష్యం దొరకాలని తహతహలాడే శాస్త్రజ్ఞుల్ని మోసగించడం ఎంత తేలికో చూపించాలనుకున్నాం అన్నాడు బ్లాక్‌బర్న్. సంబంధించిన వాళ్ళంతా పోయారనుకుని రాశాడు. కానీ స్మిత్ బతికే ఉన్నాడు! అంతా అబద్ధం, నేను మోసం చెయ్యలేదు అని ఖండించాడు. సొసైటీవారు స్మిత్ మాటనే నమ్మదలిచారు. అప్పటికి స్మిత్ తొలి తరం సినిమా దర్శకుల్లో ఒకడిగా, రంగుల సినిమా పద్ధతి కనిపెట్టినవాడిగా పేరుపొందాడు. 1959 దాకా జీవించాడు. గర్నీ మాత్రం 1888లోనే బ్రైటన్ హోటలు గదిలో క్లోరోఫారమ్ మోతాదు మించి చనిపోయాడు.

బ్లాక్‌బర్న్ మాటలో అతిశయం లేదని నేననను. పాతికేళ్ళ తర్వాత వచ్చిన ఒప్పుకోలుకి కూడా తనిఖీ అవసరమే. కానీ ఆ గదిలో పెన్సిలు ఎవరిదో ఎవరూ చూడలేదన్నది మిగిలే ఉంటుంది. గర్నీ మూర్ఖుడేం కాదు. పెద్దమనిషి పెద్దమనిషిని మోసం చెయ్యడు అన్న నమ్మకంతో కూర్చున్నాడు. 1979లో అమెరికాలో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇదే మళ్ళీ జరిగింది. ఐదు లక్షల డాలర్ల విరాళంతో పెట్టిన పరిశోధన శాలకి జేమ్స్ రాండీ ఇద్దరు యువ ఇంద్రజాలికుల్ని పంపించాడు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ముందుగానే ఉత్తరం రాశాడు కూడా. 1983లో రాండీ స్వయంగా బయటపెట్టేదాకా వాళ్ళ సంగతి తేలలేదు. ఇద్దరిలో ఒకడు తర్వాత బనాచెక్ పేరుతో పేరున్న మెంటలిస్టు అయ్యాడు.

ఇటీవలి మెంటలిస్టులు ఆత్మల పేరెత్తరు. "ఇది సైకాలజీ, బాడీ లాంగ్వేజి" అంటారు. చాలాసార్లు అది కూడా వేషమే. కనురెప్ప కదలిక చూసి ఏటీఎం పిన్ నంబరు చెప్పడం ఎవరివల్లా కాదు. వెనకాల ఉన్నది పాత చీటీ, పాత కవరే. వినోదంగా ఉన్నంతసేపు ఫర్వాలేదు.

ఫర్వా ఎక్కడొచ్చిందంటే, 2010 తర్వాత మన దేశమంతటా వ్యాపించిన మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసుల దగ్గర. రెండ్రోజుల శిక్షణకి వేలకి వేలు తీసుకుని, పిల్లలు కళ్ళకి గంతలు కట్టుకుని పుస్తకాలు చదివేస్తారని చూపించారు. బిషప్ 1880లలోనే కళ్ళకి గంతలతో గుర్రపుబండి తోలాడు. గంత ఎంత బిగించి కట్టినా ముక్కు పక్కన సందు ఉంటుంది, అందులోంచి కిందకి కనబడుతుంది. ఇంద్రజాలికులకి ఇది ఓనమాలు. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రదర్శకుడు ఎనిమిదేళ్ళ పిల్ల. నాకు సందులోంచి కనబడుతోంది అని చెబితే అమ్మానాన్నల ముఖం చిన్నబోతుందని ఆ పిల్లకి తెలుసు. కాబట్టి చెప్పదు. నరేంద్ర నాయక్ వంటివారు దీన్ని ఊరూరా తిరిగి బట్టబయలు చేశారు.

మీ ఎరికలో ఎవరి పిల్లయినా ఇలా చదువుతుంటే పరీక్ష చాలా సులువు. కాగితాన్ని ఒళ్ళో పెట్టకుండా నుదుటి ఎత్తున, ఎదురుగా పట్టుకోండి. లేదా ఈతగాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలకి లోపల నల్లరంగు పూసి గంతల బదులు పెట్టండి. అయితే నలుగురి ముందు మాత్రం చెయ్యకండి. తల్లిదండ్రులకి పద్ధతి చెప్పి, ఇంట్లో వాళ్ళనే చూసుకోమనండి. చదవలేకపోయినందుకు పిల్లని ఒక్క మాట కూడా అననని ముందే వాళ్ళ చేత ఒప్పించండి. ఆ తర్వాత ఫీజు రసీదు అడిగి తీసుకోండి, వాపసు కోసం రాయాల్సిన ఉత్తరానికి అది కావాలి.